ఆమె ఎత్తుకోవాల్సిన పాట

నా స్నేహితురాలు వాళ్ల నాన్నను అన్నానికి పిలవడం విన్న రోజే నేను ఆ కవిత రాశాను.

అప్పుడు మేమిద్దరం చిక్కబళ్లాపురంలో ఎం.ఏ. చదువుతున్నాం. మాది బాగేపల్లి, కన్నడ రాష్ట్రమైనా ఇళ్లల్లో తెలుగే. బస్టాండు వెనక వీధిలో మా నాన్నకు కిరాణా అంగడి ఉంది. ఆమెది మిట్టేమరి, సేద్యం చేసుకునే కుటుంబం. పొద్దున్నే వాళ్ల ఊరి బస్సులో బాగేపల్లికి వచ్చి, అక్కడ నాతో కలిసి చిక్కబళ్లాపురం బస్సు ఎక్కేది. సీటు దొరికినా దొరక్కపోయినా దారి పొడుగునా ఏదో ఒకటి పాడుతూనే ఉండేది. పక్కనున్నవాళ్లకు మాత్రం వినిపించేంత సన్నగా. ఆమె రాని రోజు కండక్టరు టికెట్టు ఇస్తూ, “యాడమ్మా, పాటల పాప రాలేదా?” అని నన్నడిగేవాడు.

ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల చేను ఇంటికి ఎదురుగానే, మట్టిబాట దాటగానే మొదలవుతుంది. శనక్కాయ వేసి ఉన్నారు. మధ్యాహ్నం వాళ్లమ్మ సంగటి కెలికి దించగానే, నా స్నేహితురాలు చేతులు తుడుచుకుంటూ బయటికి వెళ్లి, బాట అంచున నిలబడి, చెయ్యి నోటి పక్కన పెట్టుకుని పిలిచింది.

“నాయినో... రాండో...”

‘రాండో’ అన్న మాట చివర ఆమె గొంతు పైకి లేచి, అక్కడే కాసేపు నిలిచి, మెల్లగా దిగింది. చేను అవతలి కొసన వంగి పనిచేస్తున్న మనిషి తలగుడ్డ తీసి ఊపాడు. ఊపాడే గానీ అక్కణ్నుంచి కదల్లేదు. ఆమె మళ్లీ పిలిచింది. ఆయన మళ్లీ తలగుడ్డ ఊపాడు.

“ఇనపడలేదేమో,” అన్నాను.

“బాగా ఇనపడతాది. మా నాయిన ఒక్క పిలుపుకి రాడు. పిలిపించుకుంటాడు,” అని నవ్వింది.

ఆయన వచ్చి కాళ్లు కడుక్కుంటూ నాతో, “మా పాప అరిస్తే పక్కూరోళ్లు గూడా కంచాలు కడుక్కుంటారమ్మా,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో ఎంత గర్వం ఉందో ఇప్పటికీ గుర్తుంది.

సాయంత్రం తిరుగు బస్సులో ఆ పిలుపు చెవిలో ఉండగానే ఫోనులో కొన్ని పంక్తులు రాసుకున్నాను.

పొద్దు గూట్లో పడె, రాండో
సంగటి కుండ దిగె, రాండో
గనిమ మీది వాళ్లు, గుట్ట మీది వాళ్లు
చేతులు కడుక్కొని రాండో
ఒక కంచం ఎక్కువే పెట్టినాము
అది ఎవరిదో అడగము, రాండో

మా విశ్వవిద్యాలయంలో ఒక బృందగానం జట్టు ఉండేది. అందరూ కాయర్ అనేవాళ్లు. కన్నడంలో కవితలకు బాణీ కట్టి పాడుకోవడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఈ వైపు బడికి వెళ్లిన ఎవరిని కదిపినా రెండు భావగీతాలైనా పాడతారు. ఏడాదికొకసారి మా జట్టు అట్లాంటి పాటలతోనే ఒక సభ పెట్టేది. జట్టును నడిపేది మా కన్నడ అధ్యాపకురాలు. హార్మోనియం కూడా ఆవిడే వాయించేది. పేరున్న కవులవి కొన్ని పాడితే, మా పిల్లలూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ రాసినవి కొన్ని పాడాలని ఆవిడ పట్టుదల. ఆ ఏడు సభ చింతామణిలో, ఒక కాలేజీ హాల్లో జరపాలని నిర్ణయమైంది.

నేను మొహమాటపడుతూనే నా పంక్తులు చూపించాను. మేడం ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది.

“ఇంట్లో అంతా తెలుగు మాట్లాడతాము. స్టేజి ఎక్కితే ఒక్క తెలుగు పాటా లేదు. ఇన్నేండ్లు నాకే తోచలేదు చూడు,” అంది. “బాణీ యారు కడతారు?”

అందరూ నా స్నేహితురాలి వైపు తిరిగారు. ఆమె మాత్రం నా వైపు తిరిగి, “ఇది నేను మా నాయినను పిలిచేది కదా! దీనికి బాణీ కట్టేదేముండాది, ఉండనే ఉండాది,” అంది.

అన్నంత తేలిగ్గా ఏమీ కట్టలేదు. బస్సులో రోజూ ఒక్కో పంక్తిని ఎన్ని రకాలుగానో పాడి చూసేది. కిటికీ మీద వేలితో తాళం వేసేది. బాగాలేకపోతే తనే తల అడ్డంగా ఊపేది. చివరికి ఒక మధ్యాహ్నం, మేము సాధన చేసుకునే పాత ల్యాబ్ గదిలో, అందరి ముందూ లేచి నిలబడింది. మేడం హార్మోనియం మీద శ్రుతి ఇవ్వబోతే చేత్తో ఆపింది.

“శ్రుతి వద్దు మేడం. అన్నానికి పిలిచేటప్పుడు శ్రుతి చూసుకుంటామా?”

ఏ వాయిద్యమూ లేకుండా ఎత్తుకుంది. ‘పొద్దు గూట్లో పడె’ అన్నది మామూలుగా చెప్పినట్టే చెప్పి, ‘రాండో’ దగ్గర గొంతు విప్పింది. ఆ రాతి సింకుల గది అంతా నిండిపోయింది. అది తగ్గుతుండగా మిగతావాళ్లం దూరం నుంచి బదులు పలికినట్టు ‘వస్తిమి, వస్తిమి’ అనాలి. ఆ రోజు ఎవరం అనలేదు. అనాలన్న సంగతే మరిచిపోయాం. గౌరిబిదనూరు నుంచి వచ్చే ఒక అబ్బాయి మాత్రం కాసేపటికి, “అక్కా, నాకు నిజంగానే ఆకలేస్తాండాది,” అన్నాడు. అందరం నవ్వాం.

ఆ తర్వాత సాధనలు బాగా సాగాయి. కన్నడం మాత్రమే వచ్చిన అమ్మాయిలకు ‘గనిమ’ అంటే పొలం గట్టని చెప్పి, నోరు తిరిగేదాకా ఆమె పలికించేది. ఇంటిదగ్గర సాధన చేసుకోవడానికి అందరికీ పంపుదామని నేను ఒక రోజు పాటంతా ఫోనులో రికార్డు చేశాను. మధ్యలో ఎవరిదో టిఫిన్ డబ్బా కింద పడి దొర్లితే ఆమె పకపకా నవ్వి, “మళ్లా మొదట్నుంచి,” అని తిరిగి ఎత్తుకుంది. నవ్వుతో సహా అంతా అందులో ఉండిపోయింది.

ఆమె తల పైకెత్తి పాడుతున్నప్పుడు గొంతు కింద చిన్న గడ్డలాంటిది కదలడం మొదట చూసింది మేడమే. “ఏనమ్మా అది?” అని దగ్గరికి పిలిచి తడిమి చూసింది. నొప్పేమీ లేదని ఆమె అంది. చాలా రోజులుగా ఉందట. నొప్పి లేదు కదా అని ఎవరికీ చెప్పలేదు. చిక్కబళ్లాపురంలో డాక్టరుకు చూపిస్తే బెంగళూరు వెళ్లమన్నారు. అక్కడ సూదితో తీసి పరీక్ష చేశారు. అనుమానంగా ఉంది, తీసేయడమే మంచిదన్నారు. ఆ అనుమానం దేని గురించో ఇంట్లో ఎవరూ నోటితో అనలేదు. వాళ్లమ్మ ‘ఆ జబ్బు’ అనేది, అంతే.

ఆపరేషన్‌కు వెళ్లే ముందు ఆమె సాధనకు వచ్చింది. “సభ నాటికి వచ్చేస్తా. నేను ఎత్తుకునేది ఎవురికీ ఇయ్యొద్దండి,” అని అందరికీ వేలు చూపించి బెదిరించి వెళ్లింది.

ఆపరేషన్ అయిన మూడో రోజు నేనూ మేడమూ చూడటానికి వెళ్లాం. వార్డు బయట వరండాలో వాళ్ల నాన్న మమ్మల్ని చూడగానే రెండు చేతులూ జోడించాడు. “ఆ జబ్బు కాదంటమ్మా. కాదంట. రిపోర్టు వచ్చె,” అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. లోపల ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. మెడకు అడ్డంగా తెల్లటి పట్టీ. నన్ను చూసి నవ్వి ఏదో అంది. ఊపిరి వచ్చింది, మాట రాలేదు.

“గొంతులో గొట్టం ఏసినారు కదా. నాలుగు దినాలు పోతే సరిపోతాది,” అంది వాళ్లమ్మ. మేము కూడా అదే అనుకున్నాం.

సరిపోలేదు. ఇంటికి వచ్చాక కూడా ఆమె మాట గుసగుసగానే ఉంది. నీళ్లు తాగితే పొలమారేది. గడ్డం ఎదకు ఆనించి గుక్కెడు గుక్కెడే మింగమని నర్సు నేర్పిందట. తిరిగి బెంగళూరు వెళ్తే గొంతులోకి కెమెరా పంపి చూసి, మాట పుట్టించే రెండు తంతువుల్లో ఒకటి కదలడం లేదన్నారు. ఆ గడ్డ వెనకే సన్నటి నరం ఉంటుందట. ఇట్లాంటి ఆపరేషన్లలో ఎంత జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి అది దెబ్బతింటుందని, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అని డాక్టరు చెప్పాడు. ఈ సంగతి ముందే చెప్పి, సరేనని సంతకం కూడా తీసుకున్నారు. ఆ సంతకం పెట్టింది వాళ్ల నాన్న.

చూడటానికి వచ్చిన చుట్టాలందరూ ఒకటే మాట. “పానం దక్కె. అది చాలు. గొంతుదేముండాదిలే.” ఆమె తల ఊపేది. నిజమే కదా, ప్రాణం ముందు గొంతెంత? అందరూ సంతోషిస్తున్న చోట ఏడవడానికి ఆమెకు వీలు లేకపోయింది. ఒకసారి వాళ్లింటి వెనక నీళ్లతొట్టి దగ్గర నాతో ఒక్కదానితోనే అంది, చెవి దగ్గరకు వచ్చి, గాలి మాటలతో: “అందురూ దేవుడు కాపాడినాడు అంటాండారు. నేను ఏడిస్తే ఆ దేవుని మీద కోపం చేసుకున్నట్ల అయితాది కదే.”

తర్వాత ఆమె తరగతులకు రావడం మొదలుపెట్టింది. మెడ చుట్టూ చున్నీ కప్పుకుని వచ్చేది. హాజరు పిలిచినప్పుడు ఆమె పలికింది వినపడక మొదటి రోజు రాలేదని వేశారు. మరుసటి రోజు నుంచి ఆమె నంబరు రాగానే నేను “ఉండాది సార్” అనడం మొదలుపెట్టాను. బస్సులో ఇంజను చప్పుడుకు ఆమె మాట నాకే వినపడేది కాదు. ఫోనులో టైపు చేసి చూపించేది. పాత కండక్టరు ఒకసారి, “ఏమ్మా, ఈ మధ్య పాటలే లేవు?” అన్నాడు. ఆమె గొంతు వైపు వేలు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. జలుబు అనుకున్నాడేమో, “వేన్నీళ్లు తాగమ్మా,” అని ముందుకు వెళ్లిపోయాడు.

కాయర్ సాధనకూ వచ్చింది. ఒక మూలన స్టూలు మీద కూర్చుని తొడ మీద తాళం వేసేది. ఎవరైనా అపశ్రుతి పోతే కనుబొమలు ముడిచేది. అన్ని పాటలూ సాధన చేసేవాళ్లం, ఆ ఒక్క పాట తప్ప. సభ దగ్గర పడుతున్నా దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. చివరికి ఆమే లేచి మేడం దగ్గరకు వెళ్లి ఆ పాట పేరు బోర్డు మీద రాసింది. దాని పక్కన నా వైపు బాణం గుర్తు వేసింది.

“నేనా? నా వల్ల కాదు,” అన్నాను.

మేడం నన్ను చూసి, “ఆమె చెప్తాండాది కదమ్మా,” అంది మెల్లగా.

నాది జట్టులో కలిసిపోయే గొంతు. ఒంటరిగా పాడేది కాదు. ఆమె ‘రాండో’ను పైకెత్తి నిలిపినట్టు నిలపాలని చూసేదాన్ని. నిలిచేది కాదు, వణికేది. ఆమె నా ఎదురుగా నిలబడి చెయ్యి మెల్లగా పైకి లేపి, అక్కడే ఉంచి, దించేది. ఆ చెయ్యిని చూస్తూ పాడేదాన్ని. ఒక రోజు నేను విసిగిపోయి కూర్చుంటే నా పక్కన కూర్చుని చెవిలో అంది.

“నా మాదిరి పాడొద్దు. నీకు అంత పైకి రాదు. నువ్వు మీ ఇంట్లో ఎట్ల పిలుస్తావు?”

“మా ఇంట్లో ఎవుర్నీ పిలిచేది లేదు. అంగడి ఇంటి ముందరే కదా. పోయి చెప్తా.”

“అయితే అట్లే పాడు. దగ్గరుండే మనిషికి చెప్పినట్ల.”

అదే ఆమె ఆ గదిలో నాకు చివరగా నేర్పింది. ఆ తర్వాతి వారం నుంచి సాధనకు రావడం మానేసింది. తరగతులకు వచ్చేది, అవి అయిపోగానే ముందు బస్సుకు వెళ్లిపోయేది. ఎందుకు రావడం లేదని నేను అడగలేదు. ఆ గదిలో అంతసేపు కూర్చోవడం ఎంత కష్టమో కనిపిస్తూనే ఉంది.

సభకు రమ్మని చెప్పడానికి మిట్టేమరి వెళ్లాను. మధ్యాహ్నమైంది. వాళ్లమ్మ సంగటి దించింది. నా స్నేహితురాలు చేతులు తుడుచుకుని లేచింది. ఇప్పుడు గొంతెత్తి పిలవడం ఆమె వల్ల కాదు కాబట్టి చేను దాకా నడిచి వెళ్లి చెప్పి రావాలేమో అనుకుని నేనూ లేచాను. గడప దాటగానే ఇద్దరం ఆగిపోయాం. వాళ్ల నాన్న అప్పటికే బాట దాటి వాకిట్లోకి వస్తున్నాడు. నా స్నేహితురాలు ఆయనకు కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లిచ్చింది. రోజూ అంతేనని తర్వాత వాళ్లమ్మ చెప్పింది. పొద్దు నడినెత్తికి వచ్చినప్పటినుంచి ఆయన పని చేస్తూనే మాటిమాటికీ ఇంటి వైపు చూస్తుంటాడట. పొయ్యి పొగ తగ్గగానే బయలుదేరిపోతాడట. ఒక్క పిలుపుకు రాని మనిషి.

“సభకి తొడుకోని వస్తా పాపని,” అన్నాడు ఆయన, నేను అడగకముందే.

ఆమె వాళ్ల నాన్న వైపు చూసింది. వద్దనలేదు.

చింతామణి హాలు నిండింది. కాలేజీ పిల్లలు, ఊళ్లో కవిత్వం ఇష్టపడేవాళ్లు, మా జట్టువాళ్ల ఇళ్లనుంచి వచ్చినవాళ్లు. నా స్నేహితురాలు లేత పసుపు చీర కట్టుకుని వాళ్ల నాన్నతో బైకు మీద వచ్చింది. మడతలు పోని తెల్ల చొక్కా వేసుకున్న ఆయన, పక్కన ఆమె, ముందు నుంచి కొన్ని వరసల వెనక కూర్చున్నారు. కన్నడ పాటలన్నీ అయ్యాక మా పాట వచ్చింది. బాణీ కట్టింది ఎవరో మేడం మైకులో చెప్పింది. హార్మోనియం మీద చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

నేను ముందుకు వచ్చాను. హాల్లో వాళ్ల ముఖాలేవీ కనిపించలేదు, పసుపు చీర తప్ప. ఆమె చెయ్యి లేపుతుందేమో అని చూశాను. లేపలేదు. ఒళ్లో రెండు చేతులూ కలిపి పట్టుకుని కూర్చుంది. దగ్గరున్న మనిషికి చెప్పినట్టు, ఆమెకే చెప్పినట్టు ఎత్తుకున్నాను. నా ‘రాండో’ పైకి పోలేదు, చిన్నగానే ఉంది. అయినా వణకలేదు. వెనక నుంచి జట్టు ‘వస్తిమి, వస్తిమి’ అంది.

‘ఒక కంచం ఎక్కువే పెట్టినాము’ దగ్గరికి వచ్చేసరికి ఆమె పెదవులు మాతోపాటు కదలడం చూశాను. ఒక్క మాటా వదలకుండా పాడుతోంది, చప్పుడు లేకుండా. వాళ్ల నాన్న కూడా అది చూశాడు. లేచాడు. వరసలో కూర్చున్నవాళ్ల మోకాళ్లు తప్పించుకుంటూ, తల వంచుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆమె ఆయన వెళ్తుంటే చూసింది. మళ్లీ మా వైపు తిరిగి మిగతా పాట కూడా పెదవులతో పూర్తిచేసింది.

చప్పట్లు చాలాసేపు మోగాయి. మేడం ఆమెను స్టేజి మీదకు పిలిచింది. శాలువా కప్పి, ఒక్క మాట చెప్పమని మైకు అందించింది. మంచి మనసుతోనే అందించింది. ఆమె మైకు పట్టుకుని నోటికి చాలా దగ్గరగా పెట్టుకుంది. స్పీకర్లలో మొదట ఊపిరి వినిపించింది. తర్వాత “నమస్కార” అన్న మాట, ఎండుటాకు మీద అడుగు పడ్డట్టు. ముందు వరసలో ఒక పెద్దాయన పక్కనున్నావిడతో, పాపం పొంగిపోయింది పిల్ల, మాట రావడం లేదు అనడం నాకు వినిపించింది. ఆమెకు కూడా వినిపించే ఉంటుంది. నవ్వి, మైకు తిరిగి ఇచ్చేసింది.

బయటికి వస్తే వాళ్ల నాన్న గేటు దగ్గర బైకు పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె లోపల మేడంతో ఉంది. నన్ను దగ్గరకు రమ్మని తల ఊపాడు.

“బాగా పాడితివమ్మా,” అన్నాడు. తలగుడ్డ తీసి మడిచాడు, విప్పాడు. “నీ ఫోన్లో మా పాప పాడింది ఉండాదా? ముందర పాడింది.”

“ఉండాది అప్పా. సాధన చేసేటప్పుడు తీసింది.”

“నా ఫోనుకి పంపిచ్చు. మా ఇంట్లో ఒకటీ లేదు చూడు. దినమూ ఇంట్లోనే పాడతాండె కదా, యాడికి పోతాదిలే అనుకుంటిమి.” తర్వాత గొంతు తగ్గించి, “పాపకి చెప్పొద్దమ్మా,” అన్నాడు.

అక్కడే నిలబడి పంపించాను. చేరిందో లేదో చూడటం తనకు రాదంటే ఆయన ఫోను తీసుకుని చూపించాను, ఎక్కడ నొక్కాలో. ఆయన నొక్కబోయి, హాలు గుమ్మం వైపు చూసి, ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. అప్పుడు ఆమె శాలువా చేతి మీద వేసుకుని వస్తోంది.

పరీక్షలైపోయి ఎవరి దారి వాళ్లు పట్టాక, నేను పంపిన ఆ పాటను ఆయన ఏం చేశాడో ఆమె నోటినుంచే విన్నాను. నేను చిక్కబళ్లాపురంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాను. తనూ టీచరు కావాలనే అనుకుంది, కానీ నలభై మంది పిల్లల ముందు ఆ గొంతు నిలబడదు. ఊళ్లో పాల డెయిరీలో కంప్యూటరు పని దొరికితే చేరింది. దసరా సెలవుల్లో వాళ్లింటికి వెళ్లాను. ఆమె గొంతు కొంచెం మెరుగుపడింది. గుసగుస పోయి, బొంగురుగా, మధ్యమధ్యలో గాలి జారుతూ ఒక మాట వస్తోంది. పాటకు మాత్రం అందదు. మేమిద్దరం శనక్కాయలు పీకుతూ చేనులో ఉన్నాం.

“మా నాయినకి నువ్వే కదా పంపిచ్చింది?” అంది ఉన్నట్టుండి.

నేను చేతిలో చెట్టు కింద పెట్టి, అవునన్నట్టు తల ఊపాను.

“తెల్లార్తో పాలు పిండను పోతే ఆవుల కొట్టంలో ఇనపడె. యారో పాప బాగా పాడతాండాదే, రేడియోనేమో అనుకుంటి. తలుపు కాడికి పోయినంక నవ్వు వచ్చె. డబ్బా పడింది కదా, ఆ నవ్వు.” ఊపిరి కోసం ఆగింది. “అప్పుడు గుర్తు పడితినే. నా గొంతే నాకు గుర్తు రాలేదు.”

“ఏం చేస్తివి?”

“ఏం చేస్తా. పాట అయిపోయేదంకా ఆడనే నిలబడింటి. అయినంక బకెట్టు చప్పుడు చేసుకుంటా లోపలికి పోతి. మా నాయిన ఫోను జేబులో ఏసుకోని ఆవు ముందర గడ్డి సర్దుతాండాడు. సంతకం నేను పెడితి కదా అని రోజూ మా అమ్మతో అంటాడంట. నాతో ఎప్పుడూ అనలేదు.”

“నువ్వు చెప్పొచ్చు కదా, నీది తప్పు కాదని.”

“చెప్తే ఏడుస్తాడు. చెప్పకుంటే పాట ఇంటాడు. ఇననీలే.” మట్టి దులిపి కాయలు గంపలో వేసింది. “నేను ఇంక దినమూ కొంచెం ఆలస్యంగా పోతాండా కొట్టానికి.”

ఆ మాట విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు. కొంగుతో నా ముఖం తుడిచి, కళ్లల్లో మట్టి పడిందని నన్నే కోప్పడింది.

మొన్నీమధ్య ఆమెను చిక్కబళ్లాపురం బస్టాండులో చూశాను. గొంతు కోసం నేర్పే వ్యాయామాలకు బెంగళూరు వెళ్లి తిరిగి వస్తోందని తర్వాత తెలిసింది. అరచేతులు గోడకు ఆనించి నెడుతూ ‘ఆ’ అనాలి. పెదవులు మూసి హమ్మని పలకాలి. ఇంత కాలం చేసింది. బస్టాండులో బస్సుల హారన్లు, మైకులో కన్నడంలో ప్రకటనలు, పూలమ్మేవాళ్ల అరుపులు. ఆమె నోరు కదులుతోంది గానీ ఒక్క మాటా వినపడటం లేదు. హోటల్లోకి వెళ్లాం, అక్కడ గిన్నెల మోత. బయటికి వచ్చి అటూ ఇటూ చూసి, రోడ్డవతల ఒక ఏటీఎం గదిలో దూరి అద్దాల తలుపు వేసుకున్నాం. లోపల చల్లగా ఉంది. బయటి రొద సగానికి తగ్గింది.

“ఇంక పోను బెంగళూరుకి,” అంది. “నేర్పిచ్చే ఆ యమ్మ మంచిది, పాపం, ఇంకా ప్రయత్నం చేద్దామంటాది. నాకే చాలనిపిచ్చె. పొయ్యినప్పుడంతా ఈ తూరి వస్తాదేమో అనుకోని పోతా. వచ్చేటప్పుడు బస్సులో...” ఆగింది. “ఇదే నా గొంతు అనుకుంటే మేలు కదా?”

ఆమె చెయ్యి పట్టుకున్నాను. మాట్లాడి మాట్లాడి అప్పటికే ఆమె గొంతు అలిసిపోయింది, మాటల చివర్లు తెగిపోతున్నాయి. వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పులని, ఆవు ఈనిందని, డెయిరీలో కొత్త మిషను వచ్చిందని చెప్పింది. డబ్బు తీసుకోవడానికి వచ్చినతను అద్దం మీద వేలితో కొట్టేదాకా అక్కడే నిలబడి ఉన్నాం.

బాగేపల్లి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. నేను కిందనుంచి అరటిపళ్ల సంచి అందించాను. ఇంజను మోగింది. ఆమె కిటికీలోంచి వంగి నాతో ఏదో అంది. వినపడలేదు. ఇంకోసారి చెప్పమంటే ఆ గొంతుతో మళ్లీ అరవాలి. విన్నట్టే తల ఊపాను. ఆమె నవ్వి లోపలికి జరిగి కూర్చుంది. బస్సు వెళ్లిపోయింది.

ఏమన్నావని తర్వాత మెసేజ్ పెడితే చెప్పేదే. విన్నట్టే తల ఊపాను కదా, పెట్టలేదు.